త్రాసులో సెల్లు

బౌల్డర్ ఊళ్ళో దుమ్ము ఎర్రగా ఉంటుంది.
పక్క పలక విప్పగానే
పదహారేళ్ళ దుమ్ము నా ఒళ్ళో పడింది,
కారం మిల్లులో గోనె దులిపినట్టు.
క్లెమ్ ట్రెజైస్ తుమ్మి,
"అది మా గనిదే," అన్నాడు.

రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాను.
రాళ్ళు పొడి చేసి
అందులో బంగారం ఎంతో లెక్కగట్టే ఉద్యోగం నాది,
కంప్యూటర్లు బాగుచేయడం కాదు.
కానీ ఈ వీధిలో
నల్ల జడ, కళ్ళజోడు ఉంటే చాలు,
ప్రింటర్లు చంకన పెట్టుకొచ్చి తలుపు కొడతారు.

కార్డు పెర్త్ నుంచి వచ్చింది, సెకండ్ హ్యాండు.
రెండు ఫ్యాన్లు, ఒకదానికి రెక్క విరిగింది.
గాడిలో కూర్చోబెట్టాను. క్లిక్ అంది.
ఫ్యాన్లు తిరిగాయి.
మెషీను జాబితాలో మాత్రం దాని పేరు లేదు.
పసుపు త్రికోణం కూడా లేదు.
లోపం ఉందంటే, మనిషి ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా,
ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా గారెలు అందుతాయంటారు.
ఇది మొదటి బంతిలోనే కూర్చుంది,
విస్తరి మీద నీళ్ళు చల్లుకుని మరీ.
వడ్డించేవాడు దాని తల మీదుగా చూస్తూ
వెళ్ళిపోతున్నాడు.

తీశాను. దాని పసుపు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్దాను.
అరిగిన ఆ పూతలో బంగారం ఎంత మిగిలుంటుందో
అలవాటుకొద్దీ ఒక అంకె వేసుకున్నాను.
ఆరు పిన్నుల తీగ పీకి మళ్ళీ గుచ్చాను.
డ్రైవరు వేయబోతే
"సరిపోయే పరికరం కనపడలేదు" అంది, చాలా మర్యాదగా.
ఈలోగా క్లెమ్ మూడుసార్లు టీ పెట్టాడు.
మూడుసార్లూ పాలు ఎక్కువే.

కార్డు దేనికంటే, గీతలు చూడాలిట.
సర్వేయరుగా ముప్ఫై ఏళ్ళు
భూమి అడుగున తను కొలిచిన సొరంగాలన్నీ
ఒక డిస్కులో ఉన్నాయి.
చుట్టూ తిప్పి చూడాలంటే కార్డు తెమ్మంటోంది ప్రోగ్రాము.
"చూసి ఏం చేస్తావు?"
"ఏమీ చెయ్యను. అవన్నీ ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి."

చివరికి బోర్డు మీది సెల్లు తీశాను.
రూపాయి బిళ్ళంత ఉంది, కొనఊపిరితో.
"ఇది తీస్తే పాత అమరికలు మరిచిపోతుంది."
"అన్నీనా?"
"మొండిగా పట్టుకున్నవి."
మిగిలిన చుక్క కరెంటు కూడా కారిపోవాలని
పవర్ బటన్ పదిసార్లు నొక్కాను.
కొత్త సెల్లు కోసం ఇల్లంతా వెతికితే
వంటింటి త్రాసులో దొరికింది,
రొట్టె పిండి తూచుకునే త్రాసు.

అది పెట్టకముందే, ఊరికే, ఒకసారి ఆన్ చేశాను.
చాలాసేపు నలుపు.
గని వైపు ఎక్కడో పేల్చారు,
కిటికీ అద్దం సన్నగా వణికింది.
అప్పుడు తెర మీద తెల్ల అక్షరాల్లో కార్డు పేరు,
ఇంటిపేరుతో, నంబరుతో సహా,
శుభలేఖలో వేసినట్టు.

కింద మూలన తేదీ: 2009 జనవరి ఒకటి.
"తప్పు. ఉండు, మారుస్తాను."
ఏ పేజీ అడిగినా, నీ గడియారం వెనకబడిందని
తెరవనంటోంది.
క్లెమ్ మౌసు మీంచి నా చెయ్యి తీసేశాడు.
ఆ జనవరికి పంపులు ఇంకా ఆడుతున్నాయట.
ఏడో లెవెల్లో, చెప్పులు తడవకుండా
నిలబడి సిగరెట్టు కాల్చుకునే చోటొకటి ఉండేదట.

సొరంగాలు లేచాయి, ఆకుపచ్చ దారాల్లా.
తిప్పాడు. తిరిగాయి.
ఒక కొస దగ్గర ఆగి
గోటితో తెర మీద రెండుసార్లు తట్టాడు.
ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

"రాత్రి గోడ స్విచ్చి కట్టేస్తే
పొద్దున్న మళ్ళీ ఇదే రోజా?"
"సెల్లు లేకపోతే, ఇదే."
సెల్లు తీసుకెళ్ళి త్రాసులో పెట్టేశాడు.
పనిచేస్తోందో లేదో చూడ్డానికి
గుప్పెడు పిండి తూచాడు.

నేను పలక మూసి స్క్రూలు బిగించాను.
ఒకటి మిగిలింది.